ఒకరిని పిలిచామా, అందరినీ పిలిచామా?

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



భోజనాల ముందు ప్రసంగమంటే ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండదని నాకు తెలుసు. "మీ ఐటీ విభాగం గురించి ఏదైనా నాలుగు మాటలు చెప్పండి" అని నిర్వాహకులు అడిగినప్పుడు తప్పించుకోవాలనే చూశాను. కానీ పోయిన ఏడాది ఇదే సమ్మేళనంలో ఒక అమ్మగారు నాతో అన్న మాట గుర్తొచ్చింది. "మా అబ్బాయికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం బాబూ. రాత్రి పదకొండు దాకా లాప్‌టాప్ ముందే కూర్చుంటాడు. ఏమిట్రా అంటే 'డిపెండెన్సీ రిజాల్వ్ కావట్లేదమ్మా' అంటాడు. అదేం జబ్బు?" అన్నారు. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడ ఈ రోజు కూడా వచ్చారు, రెండో వరసలో ఉన్నారు. కాబట్టి బాకీ తీరుస్తాను.

ముందుగా ఒక మాట. నేను ఇంజనీరును కాను. ఎంబీఏ చదివి ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరినవాణ్ణి. బ్రాంచీల్లో కొన్నేళ్ళు పనిచేశాక నన్ను ఒక ప్రాజెక్టులో వేశారు. ప్రోగ్రాం రాసేవాళ్ళకు బ్యాంకు పని ఎలా జరుగుతుందో చెప్పడం, వాళ్ళు రాసింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం ఒకటి తప్పుగా పెట్టాను. ఈ ప్రసంగమంతా ఆ సంతకం గురించే.

అమ్మగారి అబ్బాయి చెప్పే డిపెండెన్సీ అంటే ఏమిటో చూద్దాం. మన కౌంటరులో కూర్చునే క్లర్కును తీసుకోండి. ఆయనకు పాస్‌బుక్ ప్రింటరు కావాలి, రబ్బరు స్టాంపు కావాలి, వోచర్లు కావాలి. అవి లేనిదే ఆయన పని సాగదు. అవి ఆయన డిపెండెన్సీలు. ఇప్పుడు రోజూ ఉదయం ఆ క్లర్కే బజారుకు వెళ్ళి ప్రింటరు కొని, స్టాంపు చెక్కించుకుని, వోచర్లు అచ్చు వేయించుకుని వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుంది? పాతకాలంలో చాలా ప్రోగ్రాములు అలాగే రాసేవారు. ప్రతి ముక్కా తనకు కావలసినవి తానే తయారు చేసుకునేది. ప్రింటరు కంపెనీ మారితే క్లర్కును కూడా మార్చాల్సి వచ్చేది.

మన బ్రాంచీలో అలా జరగదు కదా. "నాకు ఇవీ ఇవీ కావాలి" అని క్లర్కు ఒక చీటీ రాసిస్తాడు. స్టేషనరీ చూసే మనిషి బీరువా తెరిచి, ఉన్నవి తెచ్చి టేబులు మీద పెడతాడు. ప్రింటరు ఎక్కడ కొన్నారో క్లర్కుకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ప్రోగ్రాములో ఈ పద్ధతిని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. ఇక్కడ ఇంజెక్షన్ అంటే సూది కాదు, కావలసినది బయటి నుంచి అందించడం. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత రాసిన ఒక వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది. ఆ బీరువానీ, తెచ్చి ఇచ్చే మనిషినీ కలిపి కంటైనర్ అంటారు. ఓడల మీద వెళ్ళే పెద్ద ఇనప పెట్టె కాదండీ. మన స్టోర్ కీపరు అనుకోండి.

ఈ స్టోర్ కీపరుకు ముందే ఒక రిజిస్టరు రాసి ఇవ్వాలి. "ప్రింటరు అని ఎవరైనా అడిగితే ఇది ఇవ్వు, స్టాంపు అని అడిగితే అది ఇవ్వు" అని. అడిగినదానికి సరిపోయేది రిజిస్టరులో వెతికి తెచ్చివ్వడాన్నే రిజాల్వ్ చేయడం అంటారు. రిజిస్టరులో ఆ పేరే లేకపోతే స్టోర్ కీపరు చేతులెత్తేస్తాడు. అమ్మా, మీ అబ్బాయి రాత్రి పదకొండింటికి చెప్పేది అదే. జబ్బు కాదు, చీటీలో రాసిన వస్తువు రిజిస్టరులో దొరకలేదంతే.

ఇంతవరకూ తేలికే. ఒక వస్తువు అడిగినప్పుడు ఒకటే ఉంటే ఏ గొడవా లేదు. ఒకే రకానివి నాలుగైదు ఉన్నప్పుడే అసలు సంగతి మొదలవుతుంది.

ఒక పెళ్ళింట్లో ఉన్నామనుకోండి. ఫోటో తీయాలి. ఒక కుర్రాణ్ణి పిలిచి "బాబాయిని పిలుచుకురారా" అన్నాం. పెళ్ళికొడుక్కి అయిదుగురు బాబాయిలు. కుర్రాడు ఎవరిని తెస్తాడు? అది కుర్రాణ్ణి బట్టి ఉంటుంది. ఒకడు గుమ్మం దగ్గర అందరికన్నా చివర వచ్చిన బాబాయిని తెస్తాడు. ఇంకొకడు అందరికన్నా ముందు వచ్చిన బాబాయిని తెస్తాడు. మూడోవాడు వెనక్కి వచ్చి "అయిదుగురున్నారు, ఏ బాబాయి?" అని నిలబడతాడు. పేరు చెప్పేదాకా కదలడు.

కంటైనర్లు కూడా సరిగ్గా ఇంతే. డాట్‌నెట్‌తో పాటు వచ్చే కంటైనర్ మొదటి కుర్రాడు. ఒకటి అడిగితే రిజిస్టరులో చివర రాసినది ఇస్తుంది. కాసిల్ విండ్సర్ అనే ఇంకో కంటైనర్, మనం వేరే చెప్పకపోతే, మొదట రాసినది ఇస్తుంది. జావా వాళ్ళు వాడే స్ప్రింగ్ మూడో కుర్రాడు. రెండు దొరికాయి, ఏది కావాలో తేల్చమని తప్పు చూపించి ఆగిపోతుంది. వాటిలో ఒకదాన్ని ముఖ్యమైనదని ముందే గుర్తు పెట్టి ఉంచితేనో, పేరు పెట్టి అడిగితేనో కదులుతుంది. ముగ్గురు కుర్రాళ్ళలో ఎవరిదీ తప్పు కాదు. పిలవమన్నవాళ్ళకు కుర్రాడి స్వభావం తెలిసి ఉండాలి.

అసలు మనకు అయిదుగురు బాబాయిలూ కావాలంటే? "బాబాయిలందరినీ పిలుచుకురా" అనాలి. ప్రోగ్రాములో దీన్నే కలెక్షన్ అడగడం అంటారు. మన బ్యాంకు వాళ్ళకు కలెక్షన్ అనగానే మొండి బాకీల వసూళ్ళు గుర్తొస్తాయి. ఇది ఆ కలెక్షన్ కాదు. ఒకే రకానివన్నీ ఒక గుంపుగా ఇమ్మనడం. డాట్‌నెట్‌లో దానికి ఐఎన్యూమరబుల్ అని రాస్తారు, స్ప్రింగ్‌లో లిస్ట్ అని రాస్తారు. రాసేది ఒక్క మాటే. అప్పుడు కంటైనర్ ఆ రకంగా రిజిస్టరులో ఉన్నవన్నీ పోగు చేసి ఇస్తుంది. డాట్‌నెట్ అయితే రిజిస్టరులో రాసిన వరసలోనే ఇస్తుంది.

ఇందాక టీ దగ్గర ఒక రిటైరైన పెద్దాయన అడిగారు, "ఆ జాబితాను ప్రోగ్రాములోనే చేత్తో రాసుకుంటే సరిపోదా, మధ్యలో ఈ స్టోర్ కీపరు ఎందుకు?" అని. మంచి ప్రశ్న. చేత్తో రాసుకోవచ్చు. కానీ రేపు ఆరో బాబాయి వస్తే, జాబితా రాసిన ప్రతి చోటా తెరిచి దిద్దాలి. చక్కగా నడుస్తున్న ప్రోగ్రామును ముట్టుకోవాలి. "అందరినీ" అని అడిగి ఉంటే మాత్రం, ఆరో బాబాయి పేరు రిజిస్టరులో ఒక్క వరుస రాస్తే చాలు. పాత ప్రోగ్రాము అక్షరం మారదు. అందుకే ఈ పద్ధతి అంత విలువైనది.

ఇక నా సంతకం సంగతికి వస్తాను.

మీలో పింఛను తీసుకునే పెద్దలు చాలామంది ఉన్నారు. నవంబరు వస్తే మీ ఇళ్ళలో లైఫ్ సర్టిఫికెట్ హడావిడి ఉంటుంది. బతికే ఉన్నామని ఏడాదికి ఒకసారి రుజువు చూపించాలి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల్లో 80 ఏళ్ళు నిండినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. ఒకప్పుడు బ్రాంచికి వచ్చి, ఆఫీసరు ఎదుట కాగితం మీద సంతకం పెట్టడమే మామూలు మార్గం. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఆధార్‌తో, వేలిముద్రతో కంప్యూటరులోనే ఇవ్వవచ్చు. తర్వాత ముఖం చూపించి ఫోనులోనే ఇచ్చే సౌకర్యం వచ్చింది. కదలలేనివారి కోసం ఇంటికే మనిషి వచ్చే సేవ వచ్చింది. కొన్ని బ్యాంకులు వీడియో కాల్ కూడా పెట్టాయి.

నేను పనిచేసిన ప్రాజెక్టు పింఛను చెల్లింపుల గురించినదే. అది ఎక్కడ, ఎప్పుడు అన్నది వదిలేద్దాం. సర్టిఫికెట్ ఇచ్చే ఒక్కొక్క మార్గానికి ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము ఉండేలా అనుకున్నాం. కాగితానికి ఒకటి, జీవన్ ప్రమాణ్‌కు ఒకటి, ఇంటికి వెళ్ళి తీసుకునేదానికి ఒకటి, వీడియో కాల్‌కు ఒకటి. పింఛను వేసే ముందు పెద్ద ప్రోగ్రాము వీటిని అడగాలి, "ఈ పింఛనుదారు సర్టిఫికెట్ మీ దగ్గరికి వచ్చిందా?" అని. ఒక్కరు అవునన్నా చాలు, పింఛను పడుతుంది. ఎవరూ అవుననకపోతే ఆ పేరు నిలిపివేత జాబితాలోకి వెళుతుంది.

ఇదంతా ప్రోగ్రాము రాసేవాళ్ళకు కాగితం మీద రాసి ఇచ్చింది నేనే. నేను రాసిన వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం అక్షరం గుర్తుంది. "పింఛను వేసే ముందు లైఫ్ సర్టిఫికెట్ చూసే విభాగాన్ని అడిగి నిర్ధారించుకోవాలి." విభాగాన్ని! ఏకవచనం. నా మనసులో నాలుగు విభాగాలూ ఉన్నాయి. కాగితం మీద ఒకటే ఉంది.

రాసేవాళ్ళు కాగితంలో ఉన్నట్టే రాశారు. పెద్ద ప్రోగ్రాము ఒక విభాగాన్నే అడుగుతుంది. మొదట కాగితం మార్గం సిద్ధమైంది. పరీక్షించాను, పనిచేసింది, సంతకం పెట్టాను. రెండో వారం జీవన్ ప్రమాణ్ వచ్చింది. దాన్ని పరీక్షించాను, పనిచేసింది, సంతకం పెట్టాను. తర్వాత ఇంటి సేవ, చివరికి వీడియో కాల్. ప్రతిసారీ కొత్తగా వచ్చినదాన్నే పరీక్షించాను. ప్రతిసారీ పనిచేసింది. ఎందుకు పనిచేయదు? కొత్తగా వచ్చినదే రిజిస్టరులో చివరిది. మా కంటైనర్ ఆ మొదటి కుర్రాడి రకం. ఒక బాబాయిని అడిగితే చివర వచ్చిన బాబాయినే తెచ్చేది. నేను కూడా రోజూ చివరి బాబాయితోనే ఫోటో దిగుతూ, మిగతావాళ్ళందరూ వచ్చారనే అనుకున్నాను.

ఇలాంటి పనుల్లో ఒక మంచి ఆచారం ఉంది. కొత్త ప్రోగ్రామును వెంటనే పనిలో పెట్టరు. కొన్నాళ్ళు పాతదే పింఛన్లు వేస్తుంది. కొత్తది దాని పక్కనే నడిచి తన జాబితా తాను ఇస్తుంది. రెండూ పోల్చి చూస్తారు. మొదటి రోజు కొత్త ప్రోగ్రాము ఇచ్చిన నిలిపివేత జాబితా అచ్చు వేశాం. ఒకటి రెండు పేజీలు వస్తుందనుకున్నాను. ప్రింటరు ఆగలేదు. కట్ట వచ్చింది.

నాకు అప్పటికీ అనుమానం రాలేదండీ. నిజం చెబుతున్నాను. "ఈ ఏడాది చాలామంది సర్టిఫికెట్ ఇచ్చినట్టు లేదు" అన్నాను. కంప్యూటరు ఇచ్చిన కాగితం మీద మనకుండే నమ్మకం అలాంటిది.

మా బృందంలో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక సీనియర్ సహోద్యోగి ఉండేవారు. ఆయన ఆ కట్ట తీసుకుని అలవాటుగా వేలు తడుపుకుంటూ తిరగేస్తున్నారు. ఒక పేజీ దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. నా టేబులు దగ్గరికి వచ్చి చాలా నెమ్మదిగా అన్నారు.

"సార్, ఇందులో మా నాన్నగారి పేరుంది."

"సర్టిఫికెట్ ఇవ్వలేదేమోనండీ" అన్నాను.

"నేనే దగ్గరుండి వేలిముద్ర వేయించాను సార్. రసీదు కూడా నా దగ్గరుంది. పొద్దున ఇద్దరం కలిసే ఇడ్లీ తిని వచ్చాం. ఈ కాగితం ఆయన లేరంటోంది."

గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆయన నవ్వలేదు. నాకు అప్పుడు అర్థమైంది. ఆ కట్టలో ఉన్న ప్రతి పేరూ ఒక ఇల్లు. మందుల చీటీ, పాల లెక్క, అద్దె, మనవడి ఫీజు. పాత ప్రోగ్రాము పక్కన నడుస్తోంది కాబట్టి ఎవరి పింఛనూ ఆగలేదు. కానీ పై నెల నుంచి కొత్తదే నడవాలని నిర్ణయమైపోయింది. ఆ నిర్ణయం కాగితం మీద నా సంతకం ఉంది.

మా బృందంలోని ప్రోగ్రామర్ అమ్మాయి గంటలో తప్పు పట్టేసింది. పేరు జాబితాలో లేకుండా బయటపడిన వాళ్ళందరూ వీడియో కాల్‌లో సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళే. మిగతా మూడు మార్గాల్లో ఇచ్చినవాళ్ళందరూ లోపల ఉన్నారు. "సార్, మనం ఒకరినే అడుగుతున్నాం. చివరివాళ్ళు వస్తున్నారు" అంది. ఒక్క మాట మార్చింది. ఒకటి అడిగే చోట అన్నీ అడిగింది. నాలుగు విభాగాలూ వచ్చాయి, వరసగా ప్రశ్న వేశాయి. మళ్ళీ అచ్చు వేస్తే జాబితా పేజీన్నర. మా సహోద్యోగి నాన్నగారి పేరు అందులో లేదు.

కథ ఇక్కడితో అయిపోతే నేను ఈ రోజు మాట్లాడేవాణ్ణి కాదు. మేమంతా ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు బయలుదేరుతుంటే ఆ అమ్మాయి మాత్రం కదలలేదు.

"సార్, ఇంకో పది నిమిషాలుంటారా? ఒకటి చూపించాలి."

"ఏంటమ్మా?"

"రిజిస్టరులో ఒక్క విభాగం కూడా రాయకుండా నడిపి చూపిస్తాను."

నడిపింది. ప్రోగ్రాము తప్పు చూపించి ఆగిపోతుందని నేననుకున్నాను. ఆగలేదు. అన్నీ ఇమ్మని అడిగాం, ఏమీ లేవు. కంటైనర్ ఒక ఖాళీ జాబితా ఇచ్చింది. పెద్ద ప్రోగ్రాము ఆ ఖాళీ జాబితాను అడిగింది, "ఎవరైనా అవునన్నారా?" అని. ఎవరూ అనలేదు. అనడానికి ఎవరూ లేరు. పింఛనుదారులందరూ నిలిపివేత జాబితాలోకి వెళ్ళారు. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు, హెచ్చరిక లేదు.

"ఇదైనా నయం సార్" అంది. "ఇలా జరిగితే మర్నాటికే గోల మొదలవుతుంది. రెండోది చూడండి."

మా దగ్గర ఇంకో జాబితా ఉంది. డబ్బు విడుదల చేసే ముందు జరగాల్సిన తనిఖీల జాబితా. ఖాతా స్తంభింపజేసి లేదు కదా, పేరు సరిపోయిందా, కుటుంబ పింఛను అయితే కావలసిన ధ్రువీకరణ ఉందా, ఇలా. ఇక్కడ ప్రశ్న తిరగేసి ఉంటుంది. "ఎవరైనా అభ్యంతరం చెప్పారా? లేకపోతే విడుదల చెయ్." ఆ తనిఖీలు కూడా ఒక్కటీ రిజిస్టరులో రాయకుండా నడిపింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ లేరు. అన్ని చెల్లింపులూ "సరే" అని వెళ్ళిపోయాయి. తెర మీద అంతా పచ్చగా ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మొదటి తప్పు అరుస్తుంది. పింఛను ఆగినవాళ్ళు బ్రాంచికి వస్తారు, ఫోన్లు చేస్తారు. రెండో తప్పు అరవదు. తనిఖీ చేసి సరే అన్నదీ, అసలు తనిఖీయే చేయకుండా సరే అన్నదీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. మీటింగుకు ఎవరూ రాకపోతే "తీర్మానానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు" అని మినిట్సులో రాయడం లాంటిది. అబద్ధం కాదు. నిజమూ కాదు.

ఇక్కడ కూడా కుర్రాళ్ళలో తేడాలున్నాయి. బాబాయిలందరినీ పిలవమంటే, ఒక్కరూ లేనప్పుడు డాట్‌నెట్ కుర్రాడు ఒంటరిగా తిరిగి వచ్చి ఊరుకుంటాడు. ఆటోఫాక్ అనే కంటైనర్ కూడా అంతే. స్ప్రింగ్ కుర్రాడు మాత్రం, మనం వేరే చెప్పి పంపకపోతే, "కనీసం ఒక్కరైనా ఉండాలి కదా, లేరు" అని అక్కడే పని ఆపేస్తాడు. ఖాళీ జాబితా ఇవ్వడం తప్పని నేననడం లేదు. ఒక్కోచోట ఖాళీగా ఉండడమే సహజం. ఈ రోజు పుట్టినరోజున్న ఖాతాదారులకు శుభాకాంక్షలు పంపే ప్రోగ్రాముకు జాబితా ఖాళీగా వస్తే నష్టమేముంది? కానీ కాపలా పనిలో ఖాళీ అంటే కాపలావాళ్ళే లేరని.

మర్నాడు మా సీనియర్ సహోద్యోగికి ఇదంతా చెప్పాను. ఆయన కంప్యూటరు భాష తెలిసినవారు కాదు. కాసేపు విని, "అంటే నిల్ స్టేట్‌మెంట్ రాలేదన్నమాట" అన్నారు.

ఇక్కడున్న బ్యాంకు వాళ్ళకు ఆ మాట చాలు. ఇంట్లోవాళ్ళ కోసం చెబుతాను. బ్రాంచీల నుంచి పై ఆఫీసుకు రకరకాల రిపోర్టులు వెళుతుంటాయి. మోసాలేమైనా జరిగాయా, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని. ఏమీ లేకపోయినా సరే, "నిల్" అని రాసి, సంతకం పెట్టి పంపాలి. కొత్తగా చేరినప్పుడు మాకందరికీ చిరాకు వేసేది. ఏమీ లేదని చెప్పడానికి ఒక కాగితమా అని. కానీ నిల్ అని రాసిన కాగితం వస్తే, ఒక మనిషి చూసి ఏమీ లేదని చెప్పాడని అర్థం. కాగితమే రాకపోతే, చూశాడో లేదో తెలియదని అర్థం. పై ఆఫీసులో ఈ రెంటినీ ఎప్పుడూ ఒకే లెక్కలో వేయరు. మన ముందుతరం ఉద్యోగులు లెడ్జర్ల కాలంలోనే తేల్చుకున్న సంగతి ఇది. మేము అంత ఖర్చు పెట్టి రాసిన ప్రోగ్రాములో అదే మరిచిపోయాం. ఖాళీ జాబితాను నిల్ స్టేట్‌మెంట్ అనుకున్నాం.

తర్వాత మేము మూడు పనులు చేశాం. ఇవి ఎవరైనా చేయగలిగినవే.

మొదటిది, ప్రోగ్రాము పొద్దున లేవగానే తన దగ్గరున్న విభాగాలను లెక్క పెట్టుకుంటుంది. పేర్లతో సహా ఒక వరుస రాస్తుంది, నాలుగు వచ్చాయి, ఫలానా ఫలానా అని. ఉదయం క్యాష్ తీసేటప్పుడు లెక్క చూసుకున్నట్టు. కాపలా జాబితాల్లో ఒక్కటి కూడా లేకపోతే ప్రోగ్రాము మొదలే కాదు. మొదలు కాకపోతే పది మందికీ తెలుస్తుంది. ఖాళీ చేతులతో మొదలైతే ఎవరికీ తెలియదు.

రెండోది, జవాబులను రెండు కాదు, మూడు చేశాం. వచ్చింది, రాలేదు, అడగలేకపోయాం. ఒక విభాగం ఆ రోజు పలకకపోతే దాన్ని "రాలేదు" అని రాయకూడదు. అడగలేకపోయాం అని రాసి, ఆ పేర్లు మనిషి చూసేదాకా పింఛను ఆపకూడదు. బతికున్నాడా అన్న ప్రశ్నకు జవాబు అందకపోవడం, లేడన్న జవాబు కాదు కదా.

మూడోది నా పని. కొత్త మార్గం చేరినప్పుడల్లా పాతవాటిని కూడా మళ్ళీ పరీక్షించాలి. ఒక్కొక్క మార్గానికి ఒక్కొక్క పింఛనుదారు పేరు పెట్టుకుని, అన్నీ కలిపి నడపాలి. పనిచేయాల్సినవి పనిచేస్తున్నాయా అని మాత్రమే కాక, ఏమీ లేనప్పుడు ఏం చేస్తుందో కూడా చూడాలి. నేను చదివిన మేనేజ్‌మెంట్ కోర్సులో నియంత్రణ గురించి పెద్ద పెద్ద పాఠాలున్నాయి. ఖాళీ బీరువాను తెరిచి చూడమని ఆ అమ్మాయే నాకు నేర్పింది.

ఇంకొకటి కూడా చేశాను. నా పాత వాక్యం తీసి మళ్ళీ రాశాను. "లైఫ్ సర్టిఫికెట్ చూసే విభాగాలన్నింటినీ అడగాలి. ఎన్నింటిని అడిగామో రాయాలి. ఒక్క విభాగం కూడా లేకపోతే పని ఆపి తెలియజేయాలి." మూడు వాక్యాలయ్యాయి. ఆ అమ్మాయి చదివి, "ఇప్పుడు నాకేం కావాలో తెలిసింది సార్" అంది. మొదటిసారే ఇలా రాసి ఉంటే ఆ కట్ట అచ్చయ్యేది కాదు. తప్పు కంటైనర్‌ది కాదు, ఆ అమ్మాయిది కాదు. అది అడిగినది అడిగినట్టు ఇచ్చింది. ఒకరిని అడిగామో, అందరినీ అడిగామో తేల్చుకోవలసింది మేము.

భోజనాల వాసన వస్తోంది. ముగిస్తాను.

పెద్దలకు ఒక విన్నపం. నవంబరులో సర్టిఫికెట్ ఏ మార్గంలో ఇచ్చినా, దాని రసీదో, ఫోనుకు వచ్చిన మెసేజో దాచి పెట్టుకోండి. ఆ రోజు మా సహోద్యోగి దగ్గర రసీదు ఉంది కాబట్టే నాతో అంత గట్టిగా చెప్పగలిగారు. లేకపోతే నేను ఆయన మాట కన్నా కాగితాన్నే నమ్మేవాణ్ణేమో. పింఛను ఆగితే "మేమే మరిచిపోయామేమో" అని మీలో మీరే అనుకుని ఊరుకోకండి. వచ్చి అడగండి. ఒక కౌంటరులో లేదంటే "అన్ని చోట్లా చూశారా బాబూ?" అని అడగండి. అది చాలా మంచి ప్రశ్న.

కౌంటరులో కూర్చునే సహోద్యోగులకు కూడా ఒక మాట. తెర మీద "లేదు" అని కనిపించినప్పుడు, ఎదురుగా మనిషి నిలబడి ఉంటే, ముందు మనిషిని నమ్మండి.

అమ్మగారూ, మీ అబ్బాయి ఈ రాత్రి మళ్ళీ లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, "ఒకరిని పిలిచావా, అందరినీ పిలిచావా? ఎవరూ రాకపోతే ఏం చేస్తుందో చూశావా?" అని అడగండి. ముందు ఆశ్చర్యపోతాడు. తర్వాత తప్పకుండా చూస్తాడు.

మా సహోద్యోగి ఆ తర్వాత కొద్ది నెలలకు రిటైరయ్యారు. వీడ్కోలు సభకు వాళ్ళ నాన్నగారు కూడా వచ్చారు. నన్ను పరిచయం చేస్తూ ఆయన, "నాన్నా, మిమ్మల్ని జాబితాలో వేసింది ఈ సారే" అన్నారు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "తీసేసింది కూడా మీరేగా నాయనా" అన్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది.